14 అడుగుల వాలున్న బండ ప్లాటు: చదును చేయాలా, అరుగులుగా కట్టాలా?

ప్లాటు_300గజాలు
నమస్తే అండీ. హైదరాబాద్‌లో ఖాజాగూడ వైపు గుట్ట వాలులో 300 గజాల ప్లాటు, 45 × 60. తూర్పున రోడ్డు. అక్కడి నుంచి పడమటి హద్దుకు నేల 14 అడుగులు లేస్తుంది. ముందు సగం మొరం, వెనక సగం షీట్ రాక్, అంటే పరుపు బండ. జీ ప్లస్ వన్ ఇల్లు అనుకుంటున్నాం. మేస్త్రీ రోడ్డు మట్టానికి బండంతా కొట్టేద్దామంటున్నాడు. ఇంకొకరు ముందువైపు మట్టి నింపి లేపమంటున్నారు. ఏది మంచిది?

స్ట్రక్చరల్_మణికొండ
రెండూ వద్దండీ. లెక్క చూడండి. అంతా రోడ్డు మట్టానికి కొడితే 60 × 14 ÷ 2 × 45, అంటే 18,900 ఘనపుటడుగుల తవ్వకం. సగం కొట్టి సగం నింపితే 4,725. అదే వాలును 20 అడుగుల చొప్పున మూడు అరుగులుగా, అంటే మెట్టుమెట్టుగా చదును చేసి, ఒక్కోదాంట్లో సగం కొట్టి సగం నింపితే 1,575 చాలు. సెట్‌బ్యాక్‌లు (హద్దుల వెంట వదలాల్సిన ఖాళీ) పోతే అంకెలు తగ్గుతాయి గానీ పోలిక ఇంచుమించు ఇదే. అరుగుకూ అరుగుకూ తేడా 4 అడుగుల 8 అంగుళాలు, సరిగ్గా 7 అంగుళాల మెట్లు ఎనిమిది. పార్కింగ్‌ను మాత్రం రోడ్డు మట్టానికే దించండి. కింది అరుగు 2 అడుగుల 4 అంగుళాల ఎత్తులో వస్తుంది, దానికి 1:8 ర్యాంపు పెడితే దాదాపు 19 అడుగులు అదే తినేస్తుంది.

నింపిన మట్టి మీద ఒక్క ఫుటింగ్ (కాలమ్ కింది పునాది దిమ్మ) కూడా కూర్చోబెట్టొద్దు. బండ కదలదు, మట్టి రెండు వానలకు దిగుతుంది, రెండూ కలిసే చోట గోడ ఏటవాలుగా పగులుతుంది. అన్నీ గట్టి మొరం దాకా, లేదా బండ దాకా దించాలి. మొరంలో పక్కపక్క ఫుటింగుల కింది అంచులను కలిపే గీత, రెండడుగుల అడ్డానికి ఒక అడుగు నిలువు కంటే నిటారుగా ఉండకూడదు. వాలు ముఖం నుంచి ఫుటింగ్ అంచు మట్టిలో 90, బండలో 60 సెంటీమీటర్లు లోపలికి ఉండాలని పునాదుల భారతీయ ప్రమాణం ఐఎస్ 1904 చెబుతుంది. ఏటవాలు బండ మీద నేరుగా కాంక్రీటు పోయొద్దు. మెట్టుగా చెక్కి, బండలోకి రాడ్లు దించి గ్రౌట్ (సిమెంటు పాలు పోసి బిగించడం) చేయించండి.

చాలామంది వదిలేసేది, వాలులో పైవైపు వచ్చే పొట్టి కాలమ్‌ల సంగతి. 5 అడుగుల కాలమ్ అదే సైజు 10 అడుగుల దానికంటే 8 రెట్లు బిర్రు, అంటే అంత తక్కువగా వంగుతుంది. భూమి ఊగితే తోపంతా దాని మీదికే వస్తుంది. హైదరాబాద్ భూకంప ముప్పు తక్కువున్న జోన్ 2 అయినా సరే, వాటికి రింగులు కింది నుంచి పైదాకా 4 అంగుళాలకు ఒకటి వేయించండి.

రాయి_నీరు
గుట్ట మీద ఇంటిని పాడుచేసేది ఎక్కువగా నీళ్లే. 3 మీటర్ల రిటైనింగ్ వాల్ (మట్టిని ఆపే గోడ) మీద పొడి మొరం తోపు మీటరు పొడవుకు సుమారు 2.7 టన్నులు. వెనక నీళ్లు నిండితే అది దాదాపు 6 టన్నులవుతుంది. అందుకే నీళ్లు బయటికి పోయేలా గోడలో ఒకటిన్నర మీటరుకు ఒక 4 అంగుళాల పైపు, బయటికి వాలుగా. గోడ వెనక అడుగు మందం కంకర, కంకరకూ మట్టికీ మధ్య నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ బట్ట. బట్ట మానేస్తే మట్టి కొట్టుకొచ్చి పైపులు పూడిపోతాయి, గోడ ఉబ్బేదాకా ఎవరికీ తెలియదు.

ఇక బండ. మన గ్రానైటు ఉల్లిపొరల్లా విడిపోతుంది. సుత్తితో కొట్టి వినండి: ఖంగుమంటే గట్టిది, డొల్ల మోత వస్తే కింద సందుంది. ఆ పొర రోడ్డు వైపు వాలి ఉంటే, దాని కింది అంచు కొట్టగానే పైది జారొచ్చు. అలాంటి చోట జియోటెక్నికల్ (నేల, బండ పరీక్షించే) ఇంజనీరు చూడకుండా బ్రేకర్ పెట్టొద్దు.

వెనక గోడను బండకు ఆనించకండి. మూడడుగుల సందు, అడుగున కాలువ ఉంటే గదికి చెమ్మ రాదు, పగలు కాగిన బండ వేడి రాత్రి లోపలికి తగలదు. షీట్ రాక్‌లో ఇంకుడు గుంత ఇంకదు, అది ముందువైపు మొరంలోనే. వాన నీటిని సంపుకు మళ్లించండి: 1,500 చదరపు అడుగుల స్లాబు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 7,000 లీటర్లు.

ప్లాటు_300గజాలు
చాలా థాంక్సండీ. బ్రేకర్ మోతకు పక్కింటివాళ్లు ఒప్పుకోవడం లేదు. రంధ్రాల్లో పోస్తే ఉబ్బి బండను చీల్చే కెమికల్ పౌడర్ వాడొచ్చా? నడిమి అరుగు వచ్చే చోట ఓ పెద్ద గుండు రాయి కూడా ఉంది.

బండపని
వాడొచ్చు. 38–40 మిల్లీమీటర్ల రంధ్రాలు, అడుగు నుంచి అడుగున్నర దూరంలో. చీలిక రావడానికి ఒక రోజు పట్టొచ్చు. పౌడర్‌లో ఎండకు, చలికి వేరువేరు గ్రేడ్లుంటాయి, సీజన్ చూసి కొనండి. మే నెల మధ్యాహ్నం పోస్తే వేడెక్కి రంధ్రంలోంచి ఒక్కసారిగా పైకి చిమ్ముతుంది, కళ్లు పోతాయి. చల్లని నీళ్లతో సాయంత్రం కలపండి, కళ్లద్దాలు తప్పనిసరి, పోశాక రంధ్రంలోకి ఎవరూ తొంగిచూడొద్దు. మొదలుపెట్టకముందే పక్కింటి గోడల ఫోటోలు తీసుకోండి.

గుండు గట్టి బండ మీద కుదురుగా కూర్చుని ఉంటే దయచేసి కొట్టకండి, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి అది. మెట్లు దాని చుట్టూ తిప్పండి. స్లాబు, గోడ తగలకుండా రెండంగుళాల సందు వదలండి. మట్టి మీద ఉంటే మాత్రం ఇంజనీరు చూసేదాకా దాని కింద పార పెట్టనివ్వకండి.