న్యూజెర్సీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు వేరేవాళ్ల కారు: ఇన్సూరెన్స్, చలి సంగతి చెప్పగలరా?

నవంబరు చివర్లో తెలిసినవాళ్ల కారును ఐ-80 హైవే మీదుగా చేర్చాలి, సుమారు 2,900 మైళ్లు. ఓనరు వెంట రారు.

అసలు దిగులు ఇన్సూరెన్స్ గురించే. ఆయన పాలసీలో నా పేరు లేదు. ఓనరు అనుమతితో నడిపితే చాలావరకు కవరేజీ ఉంటుంది గానీ మినహాయింపులు పాలసీని బట్టి మారతాయి. పెట్రోలు ఖర్చు కాక పైన డబ్బు తీసుకుంటే కిరాయి డ్రైవింగ్ కింద లెక్కగట్టి క్లెయిము కొట్టేస్తారా? పేరు తాత్కాలికంగా చేర్పించడం మేలా? రిజిస్ట్రేషన్ కాపీ, సంతకం పెట్టిన అనుమతి పత్రం ఉంటాయి. నోటరీ కూడా కావాలా?

ఒహాయో, ఇండియానా టోల్‌లకు ఈజీపాస్ (టోల్ ట్యాగు) సరిపోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి దగ్గర అది పనిచేయదు, ప్లేటు నంబరును బట్టి బిల్లు ఓనరుకు పోతుంది. ఆ ప్లేటును నా ఫాస్‌ట్రాక్ (కాలిఫోర్నియా టోల్) ఖాతాలో కొద్ది రోజులకు చేర్చినవారున్నారా?

వయోమింగ్‌లో లారమీ–రాలిన్స్ మధ్య గాలి, మంచు వల్ల రోడ్డు మూసేస్తుంటారు. దానికి ముందొచ్చే షయాన్‌లో ఆగి చూడాలా, ముందే దక్షిణాన ఉన్న ఐ-40 హైవేకి మళ్లాలా? కాలిఫోర్నియాలోని డానర్ పాస్ (కొండ దారి) కోసం టైరు సైజుకు తగ్గ మంచు చైన్లు కొంటున్నాను. తాళాలు తీసుకునేటప్పుడు ఓడోమీటరు, నాలుగు వైపులా గీతలు ఫొటో తీస్తాను, ఇంకేం రాయించుకోవాలి?