సైకిల్ చైన్ ఊడుతుంటే ముందు గేర్లు పీకించేయాలా, సరిచేసుకుంటే సరిపోతుందా?

పుణ్యగిరి దారి: ముందు మూడు రింగులు (42-34-24 పళ్లు), వెనక 14 నుంచి 28 పళ్ల దాకా ఏడు చక్రాల ఫ్రీవీల్ ఉన్న ఎంటీబీ (కొండ దారుల సైకిల్). ఎస్.కోట నుంచి పుణ్యగిరి ఎక్కుతూ మధ్య రింగు నుంచి చిన్నదానికి దించితే చైన్ లోపలికి పడి ఫ్రేముకీ క్రాంకుకీ (పెడల్ కర్రకీ) మధ్య ఇరుక్కుపోతోంది. దిగేటప్పుడైతే గేరు ముట్టుకోకపోయినా రాళ్ల మీద ఊడుతోంది. షాపులో "ముందు డిరైలర్ (చైన్‌ని రింగు నుంచి రింగుకి నెట్టేది) తీసేసి నారో-వైడ్ సింగిల్ రింగు వేసేయండి, గొడవ వదిలిపోద్ది" అంటున్నారు. వేయించమంటారా?

చంపావతి: వద్దు. దించగానే లోపలికి పడుతోందంటే ముందు డిరైలర్ ఎల్ స్క్రూ (డిరైలర్ లోపలికి ఎంతదాకా రావాలో ఆపేది) వదులైంది. అయితే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు డిరైలర్ నిలబడ్డ తీరు చూడండి. చైన్‌కి అటూ ఇటూ ఉండే దాని రెండు పలకల్లో బయటిది పెద్ద రింగు పళ్లకి 1 నుంచి 3 మి.మీ. ఎత్తులో, రింగుకి సమాంతరంగా ఉండాలి. క్లాంపు జారి పక్కకి తిరిగి ఉంటే ఎన్ని స్క్రూలు తిప్పినా దండగే.

అది సరిగ్గా ఉంటే కేబుల్ బోల్టు వదులు చేయండి. చైన్‌ని ముందు చిన్న రింగు, వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రం మీద పెట్టండి. లోపలి పలకకీ చైన్‌కీ మధ్య అర మి.మీ. సందు మిగిలేదాకా ఎల్ స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పండి; బిగిస్తే పలక బయటికి జరుగుతుంది. మరీ బిగిస్తే చైన్ చిన్న రింగుకి దిగనే దిగదు. చివర్లో హ్యాండిల్ మీది షిఫ్టర్‌ని 1లో పెట్టి, కేబుల్‌ని చేత్తో లాగి పట్టి బోల్టు బిగించడమే. ఇంకోటి, ఎక్కుడు మొదలవ్వకముందే గేరు దించాలి. నిలబడి బరువంతా వేసి తొక్కుతూ లివర్ నొక్కితే ఏ సెటింగూ ఆదుకోదు.

ఉద్దానం చక్రం: చంపావతి గారూ, మీరు చెప్పింది సగం జబ్బుకి మందు. రాళ్ల మీద ఊడడానికీ ఎల్ స్క్రూకీ ఏటండీ సంబంధం? అక్కడ చైన్ ఎగిరెగిరి పడుతోంది. నారో-వైడ్ రింగులో ఒక పన్ను లావు, ఒకటి సన్నం. లావు పన్ను బయటి పలకల లింకులో నిండుగా కూర్చుంటుంది కాబట్టి చైన్ పక్కకి కదలదు. మన గరప దారుల్లో అదే మేలు.

మెట్టనేల: అదే రింగుని క్లచ్ (చైన్ ఎగరకుండా బిగువుగా పట్టేది) లేని వెనక డిరైలర్‌తో వాడితే అప్పుడప్పుడూ ఊడుతూనే ఉంటుంది అన్నా. ఈ బండి డిరైలర్‌కి క్లచ్ ఉండదు. పైగా ఈ ధర బళ్లలో చాలావాటికి మూడు రింగులూ క్రాంకుకి రివెట్లతో కలిపేసి ఉంటాయి, విడిగా ఒక్కటి మార్చలేం. క్రాంకే కొత్తది కొనాలి. దానికి తగ్గ బాటమ్ బ్రాకెట్ (క్రాంకు తిరిగే బేరింగు) యాక్సిల్ పొడవు కుదరకపోతే చైన్‌లైన్ (ముందు రింగూ వెనక పళ్లూ ఒకే వరసలో ఉండడం) తప్పి మళ్లీ మొదటికొస్తాం.

ఎక్కుడు లెక్క కూడా చూడండి. ఇప్పుడు అన్నిటికన్నా తేలిక గేరు 24/28, అంటే పెడల్ ఒక చుట్టుకి వెనక చక్రం 0.86 చుట్టు; ఇది ఎంత తక్కువైతే ఎక్కుడు అంత తేలిక. 32 పళ్ల సింగిల్ రింగుతో అది 32/28, 1.14 అవుతుంది. పుణ్యగిరి ఎక్కుడులో మోకాళ్లు పట్టేస్తాయి. 14-34 ఫ్రీవీల్ వేసినా 0.94 దగ్గరే ఆగుతుంది, అదీ వెనక డిరైలర్ 34ని మోయగలిగితే. 11-42 క్యాసెట్ (ఫ్రీవీల్‌కి బదులు వేరే రకం హబ్బు మీద ఎక్కే పళ్ల సెట్టు) కావాలంటే ఈ హబ్బుకి ఎక్కదు, చక్రమే మార్చాలి. షాపువాళ్లు ఒక్క రింగు ఖర్చే చెప్పి ఉంటారు.

ఉద్దానం చక్రం: లెక్క ఒప్పుకున్నాను. మరి దిగుడు మాటేమిటి?

మెట్టనేల: దిగేటప్పుడు ముందు పెద్ద రింగులోకి మార్చండి. వెనక డిరైలర్ ముందుకి లాగబడి చైన్ బిగువెక్కుతుంది. చిన్న రింగులో దిగితే చైన్ వేలాడి ఎగురుతుంది, ఊడేది ఎక్కువగా అప్పుడే. చైన్ పొడుగైందేమో కూడా చూడండి: చిన్న-చిన్న (ముందు చిన్న రింగు, వెనక చిన్న చక్రం) మీద పెట్టినప్పుడు కింద వేలాడినా, తనకి తనే రాసుకున్నా పొడుగే. సరైన పొడవుకి డిరైలర్‌లోంచి పోనివ్వకుండా పెద్ద-పెద్ద మీద చుట్టి, రెండు కొసలు కలిసే చోట రెండు లింకులు, అంటే ఒక అంగుళం, అదనం ఉంచాలి.

చంపావతి: అరుగుదల కొలిచారా? ఒక పిన్ను నడిమధ్య నుంచి దాని తర్వాతి 24వ పిన్ను నడిమధ్యకి కొత్త చైన్ 304.8 మి.మీ. ఉంటుంది. 307 దాటితే ఎంత సర్దినా లాభం లేదు. పెడల్ వెనక్కి మెల్లగా తిప్పుతూ, డిరైలర్ చిన్న చక్రాల దగ్గర ఏదైనా లింకు వంగకుండా గెంతుతోందేమో కూడా చూడండి. కళింగపట్నం వైపు ఇసకలో తిరిగి నూనె పెట్టని చైన్లలో ఇది మామూలే. ఆ లింకుని పక్కకి అటూ ఇటూ వంచితే వదులవుతుంది.

పుణ్యగిరి దారి: ఎల్ స్క్రూ ముప్పావు చుట్టు బిగించాక లోపలికి పడడం ఆగింది. చైన్ 308 మి.మీ. వచ్చింది.

చంపావతి: అయితే చైన్ మార్చండి. ఫ్రీవీల్ పళ్లు సొర పళ్లలా ఒకవైపుకి వాలి ఉంటే దాన్నీ కలిపి మార్చాలి, లేకపోతే కొత్త చైన్ పాత పళ్ల మీద గెంతుతుంది. 7 స్పీడు చైనే అడగండి.

ఉద్దానం చక్రం: చైన్ మార్చాక కూడా రాళ్ల మీద ఊడితే సీట్ ట్యూబుకి (సీటు కింది ఫ్రేము గొట్టానికి) బిగించే చిన్న చైన్ క్యాచర్ తీసుకోండి. ట్యూబు బయటి వ్యాసం 28.6, 31.8, 34.9 మి.మీ.లో ఏదో కొలిచి మరీ కొనండి. లోపలి వైపు అది ఆపుతుంది. బయటికి పడితే మాత్రం నేను మళ్లీ సింగిల్ రింగు మాటే ఎత్తుతాను.