1984 నాటి శ్లాబు మీద సోలార్ పెట్టించవచ్చా?

సత్యనారాయణపురం డాబా:
మా నాన్నగారు 1984లో కట్టించిన ఇల్లు. వెనక గదిలో పైకప్పు పెచ్చులూడి రెండు చువ్వలు బయటపడ్డాయి. 3 కిలోవాట్ల సోలార్ కోసం పిలిస్తే, వచ్చినాయన డాబా ఎక్కి ఫొటోలు తీసుకుని, కింద గది చూడకుండానే "ఏం పర్లేదు సార్" అనేసి వెళ్లాడు. అమ్మ ఆ గదిలోనే పడుకుంటుంది. టెన్షన్‌గా ఉంది. శ్లాబు ఆగుతుందా? మధ్యాహ్నం మూడింటికల్లా పడమటి అపార్ట్‌మెంటు నీడ సగం డాబా మీదకొస్తుంది, దాని సంగతేంటి?

బ్రాడీపేట నాలుగో లైను:
నేను పెట్టించి ఏడాది దాటింది. కేంద్రం వాళ్ల ఇంటి సోలార్ పథకం సూర్యఘర్ సబ్సిడీ 78,000 ఖాతాలో పడింది. 3 కిలోవాట్లకి రోజుకి సగటున 12 యూనిట్లు. మే నెలలో ఇరగదీస్తుందనుకున్నాను కానీ ప్యానెల్ కాలిపోయేంత వేడెక్కితే దిగుబడి తగ్గుతుంది. మార్చిలోనే నాకు బాగా వచ్చింది.

పిట్టగోడ:
శ్లాబుకి కన్నాలు పెట్టనివ్వకండి! మా ఇంట్లో స్టాండు కాళ్లకి బోల్టులు దిగగొట్టారు. తొలి వానకే హాల్లో ఫ్యాను రాడ్డు వెంబడి నీళ్లు కారాయి. ఫోన్ చేస్తే వాటర్‌ప్రూఫింగ్ మా పని కాదన్నారు. కాంక్రీట్ దిమ్మెలు పెట్టి వాటి మీదే నిలబెట్టించండి.

రిటైర్డ్ సైటింజినీరు:
31 ఏళ్లు సైట్ల మీద తిరిగినవాడిని, చెబుతున్నా వినండి. ప్యానెళ్ల బరువు అసలు సమస్య కాదు. 550 వాట్ల ప్యానెల్ ఒకటి 30 కిలోల చుట్టూ ఉంటుంది. నిండు వెయ్యి లీటర్ల ట్యాంకు టన్ను, దాన్ని మీ డాబాలు మోస్తూనే ఉన్నాయి. భయపడాల్సింది గాలికి. తుఫాను వస్తే ప్యానెల్ తెరచాపలా లేస్తుంది. చిన్న దిమ్మెలు ఆపలేవు, పెద్దవి పెడితే ఆ బరువంతా పాత శ్లాబు మీదే. గోడలు, బీములు ఉన్నచోట కెమికల్ యాంకర్, అంటే కన్నంలో జిగురు మందు పోసి బిగించే బోల్టు, వేయించాలి.

పిట్టగోడ:
ఆ కెమికల్ యాంకరే వేశామని మాకూ చెప్పారు సార్.

రిటైర్డ్ సైటింజినీరు:
చెప్పారు సరే, మీరు చూశారా? కన్నంలో దుమ్ము ఊదకుండా మందు పోస్తే అది పట్టదు. దగ్గర నిలబడి చేయించుకోవాలి.

పిట్టగోడ:
నేను ఉద్యోగంలో ఉన్నాను. ఇంట్లో ఉన్నది మా అత్తగారొక్కరే. డెబ్బై ఏళ్లావిడ ఎండలో డాబా ఎక్కి డ్రిల్లింగు చూడాలా? డబ్బు తీసుకున్నవాడిది కాదా బాధ్యత? తప్పు మాదన్నట్టు మాట్లాడకండి.

సింగ్‌నగర్ వాసి:
ప్యానెల్ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఎక్కడ పెడుతున్నారో ఒక్కరూ అడగట్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు మెట్ల కింద ఇన్వర్టర్ మునిగిపోయింది. పైన ప్యానెళ్లు ఎండలో మెరుస్తున్నాయి, కింద మాకు ఫోన్ ఛార్జింగుకి దిక్కులేదు. దయచేసి పై అంతస్తులో పెట్టించుకోండి.

బ్రాడీపేట నాలుగో లైను:
మునగకపోయినా వచ్చేది కాదండీ. ఆన్‌గ్రిడ్, అంటే బ్యాటరీ లేకుండా వీధి కరెంటు లైనుకి కలిపిన సోలార్ అయితే లైన్లో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ అయితేనే ఇంట్లో లైటు వెలుగుతుంది.

మిర్చియార్డు రోడ్డు:
బోరు నీళ్లతో కడక్కండి. ఉప్పు తెల్లగా పేరుకుని అద్దం మసకబారుతుంది. నేను మున్సిపల్ నీళ్లతో, పొద్దున్నే ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు కడుగుతాను.

సత్యనారాయణపురం డాబా:
ఇవాళ మేస్త్రీని పిలిచి సుత్తితో తట్టించాను. ముందు గది గట్టిగా మోగింది. వెనక గదిలో సరిగ్గా అమ్మ మంచం పైన డొల్లగా పలికింది. పెచ్చు తీస్తే చువ్వ సగానికి సగం తినేసి ఉంది, తుప్పు పొరలు పొరలుగా అరచేతిలో రాలింది. మంచం ముందు గదిలోకి మార్చేశాం. సోలార్ తర్వాత, ముందు శ్లాబు. ఇంజినీరు గారూ, వెనక గది వరకే కొట్టి పోయించవచ్చా?

రిటైర్డ్ సైటింజినీరు:
బీము చూడకుండా చెప్పను బాబూ. ఎవరినీ ఆ గదిలోకి వెళ్లనివ్వకండి. ఆదివారం నేనే వస్తాను, నిచ్చెన ఒకటి సిద్ధంగా ఉంచండి. పిట్టగోడ గారూ, మీ హాలు ఫొటో కూడా పంపండమ్మా.