సిమిలన్ దీవులు, నాలుగు రాత్రులు పడవ మీదే: బ్యాగులో ఏం పెట్టుకోవాలి?

మియాపూర్_డైవర్:
అందరికీ నమస్కారం. పోయినేడాది అండమాన్ హావ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ (స్కూబా డైవింగ్‌లో మొదటి) కోర్సు చేశాను. అన్నీ కలిపి ఆరు డైవ్‌లు. ఫిబ్రవరిలో థాయ్‌లాండ్ సిమిలన్ దీవులకి లివ్‌అబోర్డ్ (పడవలోనే ఉంటూ డైవ్ చేసే ట్రిప్) బుక్ చేశాను. మాస్క్ ఒక్కటే సొంతం, అదీ మొన్ననే కొన్నాను. మిగతావి పడవ వాళ్ళే ఇస్తారట. పెద్ద సూట్‌కేస్ తేవచ్చా? శాకాహారిని, తిండికి ఇబ్బందా? వాంతులంటే కూడా టెన్షన్, తిరుమల ఘాట్ రోడ్డులోనే కవర్ పట్టుకుని కూర్చునే రకం. ఆఖరి రోజు పదింటికి చివరి డైవ్, రాత్రి తొమ్మిదికి ఫుకెట్ నుంచి ఫ్లైట్. మధ్యలో షాపింగ్‌కి టైం దొరుకుతుందా?

భీమిలి_అక్క:
తమ్ముడూ, బ్యాగు సంగతి తర్వాత, ముందు ఆ టికెట్ మార్చు. వరసగా కొన్ని రోజులు డైవ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. నేనైతే 24 చూసుకుంటాను. నీకున్నది 11. ఒంట్లో కరిగిన నైట్రోజన్ అప్పటికి పూర్తిగా పోదు. విమానంలో గాలి ఒత్తిడి తగ్గితే సోడా మూత తీసినట్టే, బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పులతో పోతే అదృష్టమే, కాళ్ళు పడిపోయే ప్రమాదం కూడా ఉంది. ఆ రాత్రి ఒడ్డునున్న ఖావ్‌లాక్ ఊళ్ళో పడుకో, షాపింగ్ కూడా అక్కడే.

సూట్‌కేస్ వద్దు. మొదటిసారి నేనూ తీసుకెళ్ళాను. కేబిన్‌లో దాన్ని తెరవడానికే చోటు లేదు, నాలుగు రాత్రులూ నా కాళ్ళ దగ్గర మంచం మీదే పడుకుంది. మడతపడే బట్ట బ్యాగు చాలు. పడవ ఎక్కగానే చెప్పులు బుట్టలో వేయించుకుంటారు, దిగేదాకా మళ్ళీ కనపడవు. పగలంతా స్విమ్‌సూట్‌లోనే గడుస్తుంది. రెండు షార్ట్‌లు, మూడు టీషర్టులు, ఒక స్వెట్టర్. స్వెట్టరా అని నవ్వకు. చీకటి డైవ్ నుంచి తడి జుట్టుతో డెక్ మీదికొస్తే పళ్ళు టకటకలాడతాయి.

కొత్త మాస్క్ అన్నావు కదా, అద్దానికి లోపలివైపు తెల్ల టూత్‌పేస్ట్ (జెల్ కాదు) రాసి వేలితో గట్టిగా రుద్ది కడుగు, రెండు మూడు సార్లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పొర ఒకటి ఉంటుంది. అది పోకపోతే ఎంత ఉమ్మి రాసినా ఆవిరి పడుతుంది. మీసం ఉందా? ముక్కు కింద సన్నగా ఒక గీత గీయించుకో, నీళ్ళు అక్కణ్ణుంచే దూరతాయి. మా ఆయన వినలేదు. రిషెల్యూ రాక్ అనే డైవ్ స్పాట్ దగ్గర అందరం సీహార్స్‌ని చూస్తుంటే ఆయన మాస్క్‌లో నీళ్ళు ఊదుకుంటూ ఉన్నాడు.

జలుబుంటే మాత్రం దిగకు. రెండో ట్రిప్‌లో డబ్బు కట్టాం కదా అని ముక్కు దిబ్బడతోనే దిగాను. ఆరు మీటర్ల దగ్గర చెవిలో సూది గుచ్చినట్టయింది, అయినా ఆగలేదు. మిగిలిన రెండు రోజులూ డెక్ మీద కూర్చుని వేరేవాళ్ళ ఫోటోలు చూశాను.

కాకినాడ_కుర్రోడు:
వాంతుల మాత్ర పడవ ఊగడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదండీ, ముందే వేసుకోవాలి. నాకు అవోమిన్ పనిచేసింది కానీ నిద్ర ముంచుకొచ్చింది, నీళ్ళలో అది మంచిది కాదు. డైవింగ్‌కి అని చెప్పి డాక్టర్‌ని అడగండి, ఇంట్లో ఒకరోజు వేసుకుని చూసుకోండి. రాత్రి ఇంజిన్ మోతకి చెవుల్లో పెట్టుకునే స్పాంజ్ బిళ్ళలు తెచ్చుకోండి. అవి పడుకోవడానికే, డైవ్‌కి కాదు!

తిండి గురించి బుకింగ్‌లోనే రాయండి. ఫిష్ సాస్ వద్దని విడిగా చెప్పాలి. లేకపోతే ముక్కలన్నీ కూరగాయలే, పులుసు మాత్రం చేపది. కందిపొడి సీసా పెట్టుకోండి, కాస్త పెద్దదే. నాది మూడో రోజుకి ఇద్దరు జర్మన్లు ఖాళీ చేశారు.

సన్‌స్క్రీన్ చూసి కొనండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్నవి 2021 నుంచి అక్కడి నేషనల్ పార్కుల్లో నిషేధం.

మియాపూర్_డైవర్:
అక్కా, టికెట్ మార్చేశాను. నాలుగు వేలు పోయాయి. మీసం మీద ఇంట్లో ఇంకా చర్చ నడుస్తోంది.

భీమిలి_అక్క:
హమ్మయ్య. ఓపెన్ వాటర్ కార్డుతో నీ హద్దు 18 మీటర్లు, అక్కడ చాలామంది 30 దాకా దిగుతారు. వాళ్ళ వెనక పోవద్దు. పడవలోనే అడ్వాన్స్‌డ్ కోర్సు చేయిస్తారేమో ఇప్పుడే మెయిల్ పెట్టి కనుక్కో. కార్డు ఫోటో ఫోన్‌లో సేవ్ చేసుకో, సముద్రం మధ్యలో సిగ్నల్ ఉండదు.