లాక్‌డౌన్‌లో ఆగిన ట్రాన్స్‌ప్లాంట్లు: మీ ఇంట్లో ఏం జరిగింది?

కృష్ణాతీరం:
నాన్నకు అమ్మ కిడ్నీ ఇవ్వడానికి పరీక్షలన్నీ అయ్యాయి, కమిటీ అనుమతి కూడా వచ్చింది. 2020 ఏప్రిల్ మొదటి వారంలో ఆపరేషన్ అన్నారు. మార్చి 25న లాక్‌డౌన్ పడింది. ప్రాణం మీదకు రానంతవరకూ లైవ్ ట్రాన్స్‌ప్లాంట్లు, అంటే బతికున్నవాళ్లు ఇచ్చే అవయవాల మార్పిళ్లు, వాయిదా అన్నారు. మళ్లీ పిలుపు వచ్చింది అక్టోబరులో. కిడ్నీలు పనిచేయనివాళ్లు నీళ్లు కొలిచి తాగాలి కదా, ఆ ఆరు నెలలూ నాన్న దాహమేస్తే చిన్న ఐసు ముక్క బుగ్గన పెట్టుకునేవారు. లీటరు సీసా మీద అమ్మ పెన్నుతో గీత గీసింది. రోజుకు ఆ గీత దాకానే నీళ్లు. మీ ఇళ్లలో ఎలా గడిచిందో రాయండి. నాన్నకు చదివి వినిపిస్తాను.

ఖమ్మంమెట్టు:
మా అన్నయ్యకు వారానికి మూడుసార్లు డయాలసిస్. మా ఊరి నుంచి సెంటర్‌కు 40 కిలోమీటర్లు. బస్సుల్లేవు, బండి మీదే తీసుకెళ్లేవాణ్ణి. చెక్‌పోస్టు దగ్గర అన్నయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి, డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా చూపించేవాడు. ఆ ఉబ్బిన నరం చూశాక ఎవరూ ఆపలేదు.

ఆగస్టులో అన్నయ్యకు కోవిడ్ పాజిటివ్ వచ్చింది. పాజిటివ్ వాళ్లకు వేరే మెషిన్ లేదని సెంటర్‌లో వద్దన్నారు. మూడు రోజులు తిరిగాం. నాలుగో రోజు ఇంకోచోట దొరికింది కానీ అప్పటికే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. కోవిడ్‌తో పోయాడని కాగితంలో రాశారు. డయాలసిస్ అందక పోయాడని నాకు తెలుసు.

ఐసీయూ_అక్క:
తమ్ముడూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నేను ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా చేశాను. బ్రెయిన్ డెడ్, అంటే మెదడు ఇక ఎప్పటికీ పనిచేయదు అని తేల్చాలంటే నలుగురు డాక్టర్లు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. ఆ తర్వాతే ఇంటివాళ్లను అవయవదానం అడుగుతాం. మామూలు రోజుల్లో పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని మాట్లాడేదాన్ని. అప్పుడు పీపీఈ కిట్‌లో నా కళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. "గుండె కొట్టుకుంటోంది కదమ్మా, చనిపోయాడని ఎలా అంటారు?" అని ఒక తల్లి ఫోన్‌లో అడిగింది. బిడ్డను దగ్గరగా చూడకుండా ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఒప్పుకున్నా దాతకు కోవిడ్ లేదని ఆర్టీపీసీఆర్ రిపోర్టు రావాలి. అది వచ్చేలోపు బీపీ పడిపోయి గుండె ఆగితే అంతా అయిపోయినట్టే.

ఓరుగల్లు:
లాక్‌డౌన్‌లో రోడ్డు ప్రమాదాలు తగ్గాయి, అందుకే దాతలు తగ్గారని చాలామంది అంటారు. అది ఒక కారణమే. వెంటిలేటర్లు, ఐసీయూ బెడ్లు కోవిడ్‌కే సరిపోక, దాతను ఆ కొన్ని గంటలు నిలబెట్టే చోటు లేకపోయింది. దేశం మొత్తంలో 2019లో 12 వేలకు పైగా అవయవ మార్పిళ్లు జరిగితే, 2020లో ఏడున్నర వేలు కూడా దాటలేదు. ఆ తేడాలో ఖమ్మంమెట్టు వాళ్ల అన్నయ్యలాంటి వాళ్లు ఎందరో. మరోవైపు, కోవిడ్‌తో ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు కూడా మార్పిడి అవసరం పడింది. 2020లోనే చెన్నైలో అలాంటి ఆపరేషన్ జరిగింది. 2021 ఫిబ్రవరి 2న నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైల్లో గుండెను తీసుకెళ్లినప్పుడు టీవీ ముందు నిలబడి చూశాను. మన అవయవదాన పథకం జీవన్‌దాన్ మళ్లీ కదిలిందని ధైర్యం వచ్చింది.

మందులడబ్బా:
నాకు 2018లో కిడ్నీ మార్చారు. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ట్యాక్రోలిమస్ అనే, రోగనిరోధక శక్తిని తగ్గించే మందు రోజుకు రెండు పూటలా వేసుకోవాలి. దానివల్ల కోవిడ్ వ్యాక్సిన్ మాలాంటివాళ్లకు సరిగా పట్టదు. అమెరికాలో అవయవ మార్పిడి అయినవాళ్లకు 2021 ఆగస్టులోనే మూడో డోసు ఇచ్చారు. ఇక్కడ 2022 జనవరిలో మొదలుపెట్టినా, మామూలు జనంలో 60 దాటిన జబ్బు మనుషులకే. నాకు 38. ఏప్రిల్ దాకా గదిలోంచి బయటికి రాలేదు. వయసు కాదు, జబ్బు చూసి ఇవ్వాల్సింది.

కృష్ణాతీరం:
నాన్నకు అన్నీ చదివాను. ఖమ్మంమెట్టు గారూ, మీది వచ్చేసరికి ఆపమన్నారు. కాసేపయ్యాక మళ్లీ మొదటినుంచి చదవమన్నారు. మీ అన్నయ్య పిల్లలు ఏం చదువుతున్నారో అడగమంటున్నారు.