సత్రమా, విడిదా? లూకా 2:7లో ఒక మాట

గుంపులో అందరికీ నమస్కారం, మనవాళ్లకు వందనాలు. బైబిలులో లూకా రాసిన సువార్త, రెండో అధ్యాయం ఏడో వచనంలో, యేసు పుట్టుక చెప్పేచోట వచ్చే "సత్రం" అన్న మాట సంగతి ఇది. అడిగేది మాట గురించే, మతం గురించి కాదు. అయినా మతం రాకుండా ఈ ముచ్చట సాగదు, ముందే చెబుతున్నా.

మాది గుంటూరు. మా గుడిలో క్రిస్మస్ నాటకం రాసి పిల్లల చేత ఆడించే పని చాలా ఏళ్లుగా నా నెత్తినే ఉంది. మొన్న సెమీ క్రిస్మస్ (పండక్కి ముందే జరుపుకునే క్రిస్మస్ వేడుక) ముందు రిహార్సల్ జరుగుతోంది. సత్రం యజమాని వేషం ఒక ఏడో తరగతి పిల్లాడిది. తలకు తువ్వాలు, నడుముకు వాళ్ల నాన్న కొట్టు తాళాల గుత్తి. "ఖాళీ లేదు, పోండి పోండి" అని యోసేపును గదమాయించాడు. వెనక బెంచీలో శాలువా కప్పుకుని కూర్చున్న వాళ్ల నాయనమ్మ అక్కణ్ణుంచే అందుకుంది: "సత్రానికి యజమాని ఏందిరా? ధర్మకర్త ఉంటాడు, గుమాస్తా ఉంటాడు. అయినా సొంతూరు పోయినోడు నిండు చూలాలిని పెట్టుకుని సత్రంలో దిగుతాడా? చుట్టాలు ఊరుకుంటారా?"

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఇంటికొచ్చి పుస్తకం తీశాను.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండే పాత అనువాదంలో "సత్రములో వారికి స్థలము లేనందున" బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టారని ఉంది. యజమాని లేడు. తలుపు తట్టడం లేదు. అర్ధరాత్రి ఊళ్లోకి దిగడమూ లేదు. "వారక్కడ ఉన్నప్పుడు" నెలలు నిండాయి అంటున్నాడు లూకా, అంటే అప్పటికే ఎక్కడో దిగి ఉన్నారు. ఇన్నేళ్లూ నేను రాసిన గదమాయింపంతా నా సొంత పైత్యం.

గ్రీకులో ఆ మాట కతాలుమ. ఇదే మాట లూకా మళ్లీ 22:11లో వాడాడు, యేసు శిష్యులతో పస్కా (యూదుల పండగ) భోజనానికి గది అడిగేచోట. అక్కడ మన అనువాదకులు ఏమని పెట్టారో చూడండి: "విడిది గది". ఒకే రచయిత, ఒకే మాట. రెండో అధ్యాయంలో సత్రం, ఇరవై రెండులో విడిది! పోనీ, డబ్బులు పుచ్చుకుని ఉండనిచ్చే చోటుకు లూకా దగ్గర వేరే మాట లేదా అంటే ఉంది. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు దారిలో దెబ్బలు తిన్నవాణ్ణి తీసుకెళ్లింది పందొఖెయొన్‌కు. దానికి మనవాళ్లు పెట్టిన మాట "పూటకూళ్లవాని యిల్లు". అక్కడ మనిషి ఉన్నాడు, రెండు దేనారాలు (వెండి నాణేలు) చేతిలో పెట్టడమూ ఉంది.

నా ప్రశ్న ఇదీ: 2:7లో కూడా "విడిదిలో వారికి చోటు లేనందున" అంటే ఏం పోయేది? విడిది అనగానే తెలుగువాడికి పెళ్లి గుర్తొస్తుంది, చుట్టాల కోసం ఖాళీ చేయించిన ఇల్లో గదో కళ్ల ముందు కనబడుతుంది. ఇంకోటి, ఇది నాకు తోచింది, తప్పయితే చెప్పండి. కతాలుమకు మూలమైన క్రియకు విప్పడం, వదులు చేయడం అని అర్థం. బండి దిగి పశువుల్ని విప్పే చోటు. మన విడిది కూడా విడియడం నుంచి వచ్చిందే కదా?

విజయవాడ, పటమట నుంచి ఒక పెద్దాయన:
ఆ పిల్లాడి నాయనమ్మగారికి నా నమస్కారం చెప్పండి. సత్రం అంటే మొదట రోజుల తరబడి సాగే యాగం. ఆ యాగాల్లో అన్నం పెట్టేవారు గనక తర్వాత అన్నం పెట్టే చోటుకు ఆ పేరు నిలిచింది. అది ధర్మానికి పెట్టేది. పూటకూళ్లు అలా కాదు, పూటకింత అని డబ్బుకు కూడు. కన్యాశుల్కం చదివినవాళ్లకు పూటకూళ్లమ్మను పరిచయం చేయక్కర్లేదు. అందుకని మీ నాటకంలో యజమాని సత్రంలో నిలబడ్డ పూటకూళ్లవాడు, రెండూ కలిపిన సంకరం. అనువాదకుల మీద మరీ కోపం వద్దు మాస్టారూ. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో పసివాడి దగ్గరా సమరయుడి దగ్గరా ఒకటే మాట. మనవాళ్లు కనీసం రెంటినీ విడదీశారు.

గుంటూరు, బ్రాడీపేట, వేదాంత కళాశాలలో చదివినాయన:
అన్నా, తొందరపడొద్దు. కతాలుమ అంటే ప్రతిచోటా చుట్టాల గది కాదు. పాత నిబంధన గ్రీకు అనువాదంలో నిర్గమకాండం 4:24 తీయండి. మోషే ఐగుప్తుకు పోతుంటే దారిలో దిగిన చోటు, అక్కడా కతాలుమే. తెలుగులో "పోవు మార్గమున సత్రములో" అనే ఉంది. అక్కడ చుట్టాలెవరున్నారు, ఎడారి! (ఆ చోట దేవుడే అతణ్ణి చంపబోవడం, సిప్పోరా రాతికత్తి తీయడం... ఆ వచనం మీద ప్రసంగం చేయమంటే ఏ అయ్యగారైనా పేజీ తిప్పేస్తారు. అది వేరే కథ.) మాటకు అసలర్థం "దిగిన చోటు" అంతే. ఇల్లా సత్రమా అనేది సందర్భం తేల్చాలి. బేత్లెహేము యోసేపు వంశంవాళ్ల ఊరు గనక ఇంటివైపే మొగ్గు ఎక్కువ, ఒప్పుకుంటా. ఎన్‌ఐవీ అనే ఇంగ్లీషు బైబిలు అనువాదం వాళ్లు కూడా 2011 కూర్పులో అతిథి గదికే మార్చారు. కానీ "సత్రం తప్పు" అని రాయకండి, "విడిది మేలు" అనండి.

తెనాలి వైపు పుట్టి విజయవాడలో ఉంటున్న ఒకావిడ:
అందరూ సత్రం దగ్గరే ఆగిపోయారేంటండీ, తొట్టి సంగతి ఎవరూ పట్టించుకోరే! మా ఇంట్లో తొట్టి అంటే కుడితి తొట్టి. బియ్యం కడిగిన నీళ్లు, తవుడు, గంజి. అందులో పసిబిడ్డను పడుకోబెట్టారంటే చిన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించేది, తడిసిపోడా అని! మేత వేసేది గాడి. ఎండుగడ్డి ఉంటుంది, వెచ్చగా ఉంటుంది. లూకాలోనే 13:15 చూడండి, "గాడియొద్దనుండి విప్పి" నీళ్లు పెట్టడానికి తోలుకుపోతారని ఉంది. అక్కడా ఇక్కడా గ్రీకు మాట ఒకటేనట కదా?

మా అమ్మమ్మగారింట్లో గొడ్ల చావిడికీ వంటింటికీ మధ్య ఒక గోడే. మా పిన్ని పెళ్లికి విడిది నిండిపోతే బాలింత మా అత్తను తీసుకెళ్లి చావిడి పక్క గదిలో పడుకోబెట్టారు. మగవాళ్ల గోల ఉండదు, చలి కొట్టదు అని. ఎవరూ ఆవిడను వెళ్లగొట్టలేదు.

గుంటూరు, కొత్తపేట నుంచి:
బ్రదర్, మా సహవాసంలో అసలు క్రిస్మసే చేయం. దినములను, మాసములను ఆచరించుచున్నారు అని అపొస్తలుడు పౌలు గలతీయులకు రాసిన పత్రికలో వాళ్లను మందలించాడు. డిసెంబరు 25 వాక్యంలో ఎక్కడుంది? లేని పండక్కి లేని యజమాని, సరిపోయింది.

మళ్లీ నేను:
కొత్తపేట బ్రదర్‌కు: తేదీ వాక్యంలో లేదు, నిజమే. డిసెంబరు 25 అని రాసిపెట్టినది మొదట కనబడేది 354 నాటి రోమా పంచాంగంలో. కానీ అదే పౌలు రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయంలో ఒకడు ఒక దినాన్ని ఎక్కువగా ఎంచుతాడు, ఒకడు అన్నిటినీ సమానంగా ఎంచుతాడు, ఎవరికి వారు మనసులో రూఢిపరచుకోండి అన్నాడు. మీరు చేయకపోవడానికీ మేం చేయడానికీ ఆ ఒక్క వచనమే చాలు. మీ చివరి మాట మాత్రం తగలాల్సిన చోటే తగిలింది.

తెనాలి అమ్మగారూ, అవును, రెండుచోట్లా గ్రీకులో ఫాత్నే. చావిడి గది ముచ్చట విన్నాక నాటకం రెండో రంగం మొత్తం కొట్టేసి మళ్లీ రాశాను. బ్రాడీపేట తమ్ముడూ, నీ మాట ప్రకారం "సత్రం తప్పు" అన్న ముక్క ఎక్కడా రాయలేదు.

అయ్యగారికి చూపించాను. నాటకంలో విడిది అనుకోవడానికి ఒప్పుకున్నారు. వాక్యపఠనం మాత్రం పుస్తకంలో ఉన్నట్టే సాగాలన్నారు, అది న్యాయమే. కాబట్టి ఆ రాత్రి ముందు "సత్రములో" అని చదువుతారు, పది నిమిషాల తర్వాత మా పిల్లలు "విడిది నిండిపోయింది" అంటారు. జనం ఏమంటారో చూడాలి. యజమాని వేషం పోయిందని ఆ పిల్లాడు ముఖం మాడ్చుకుంటే ఇంటి పెద్దాయన వేషం ఇచ్చాను, గాడిలో గడ్డి సర్దే పని వాడిదే. తాళాల గుత్తి మాత్రం ఇవ్వనంటున్నాడు.