నిటారు ఎక్కుడులో ఆగిపోతున్న పెట్రోల్ జీపు: పంపు మార్చాలా?

ప్రశ్న: పాడేరు జీపు
అన్నలూ, నాది పాత సీజే 3బీ. డీజిల్ ఇంజన్ పెట్టించలేదు, పెట్రోల్ హరికేన్ ఇంజనే ఉంది. తారురోడ్డు ఘాట్‌లో ఏ పేచీ పెట్టదు. వంజంగి వైపు మట్టిదారిలో నిటారుగా ఎక్కేటప్పుడు మాత్రం కార్బరేటర్‌లోంచి రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. వెనక్కి దొర్లించి చదునుకు తెస్తే సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్! ప్లగ్గులు కొత్తవి, కార్బరేటర్‌లో పెట్రోల్ చిమ్మే జెట్లు శుభ్రం చేయించాను. మెకానిక్ పెట్రోల్ పంపు మార్చేద్దాం అంటున్నాడు. వెనక బండివాళ్లు హారన్ కొడుతుంటే ఒకటే టెన్షన్.

వైజాగ్ ఫోర్‌బైఫోర్
వేపర్ లాక్. పంపు మీద తడిగుడ్డ వేసి చూడండి.

పాత ఇనుము
వేపర్ లాక్ అయితే చదునుకు తేగానే స్టార్ట్ అవ్వదండీ. పైపులో ఆవిరైన పెట్రోల్ చల్లబడాలి కదా, బానెట్ ఎత్తి టీ తాగి రావాల్సిందే. తమ్ముడూ, నీ బండికి వచ్చింది వేడి జబ్బు కాదు, వాలు జబ్బు. పంపుకి ఇప్పుడే డబ్బులు తగలెయ్యకు.

ముందు ట్యాంకు నిండా కొట్టించు. ట్యాంకు సగానికి తగ్గితే ఎక్కుడులో పెట్రోల్ వెనక్కి జారి, పీల్చే గొట్టం గాలి లాగొచ్చు. నిండుగా ఉన్నా ఆగితే, పక్కన మనిషిని పెట్టుకుని పొట్టి ఎక్కుడు ఒకటి రివర్స్‌లో ఎక్కించు. పాతకాలం ఫోర్డ్ మోడల్ టీ కారుకి పంపే లేదు, సీటు కింది ట్యాంకులోంచి పెట్రోల్ దానంతటదే కిందికి దిగాలి. అందుకే నిటారు కొండలు వెనక్కి తిప్పి ఎక్కించేవాళ్లు. రివర్స్‌లో సాఫీగా ఎక్కితే వాలు జబ్బే అన్నట్టు. కానీ అప్పుడు ట్యాంకు పైకి వచ్చి పంపుకి పని తగ్గుతుంది, కాబట్టి పంపు బాగుందని మాత్రం తేలదు.

ఫ్లోట్ గిన్నె, అంటే పెట్రోల్ నిలవుండే గిన్నె, కార్బరేటర్‌కి ఏ పక్కన ఉందో కూడా చెప్పు. రేడియేటర్ వైపు ఉంటే ఎక్కుడులో గిన్నె పైకి లేస్తుంది, జెట్ దగ్గర పెట్రోల్ పొంగి నల్లపొగ వస్తుంది. డ్రైవర్ వైపు ఉంటే గిన్నె కిందికి పోయి జెట్‌కి అందదు, ఇంజన్ దగ్గుతుంది. మన జీపులకి ఎవరికి దొరికిన కార్బరేటర్ వాళ్లు తగిలించేశారు, చూడకుండా చెప్పలేం.

గేర్ బాబాయ్
రబ్బరు పైపులు కూడా చూడు బాబూ. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్‌కి పాత రబ్బరు పాడైపోతుంది. చిన్న పగులున్నా పంపు గాలి పీలుస్తుంది.

పాడేరు జీపు
పైపులు మార్పించాను బాబాయ్, తేడా లేదు. ఫుల్ ట్యాంకుతోనూ ఆగింది. రివర్స్‌లో మాత్రం సాఫీగా ఎక్కేసింది! గిన్నె డ్రైవర్ వైపే ఉంది అన్నా, పొగ లేదు.

పాత ఇనుము
అయితే దాదాపు దొరికినట్టే. ఫ్లోట్ లెవల్, అంటే గిన్నెలో పెట్రోల్ మట్టం, తక్కువగా ఉండి ఉంటుంది. గిన్నెలోకి వచ్చే పెట్రోల్‌ని ఆపే సూదిని నొక్కే రేకు నాలుకను కొంచెమే వంచి లెవల్ పెంచమను. ఎక్కువ పెంచితే దిగుడులో పొంగుతుంది, అందుకని రెండు వైపులా నడిపి చూసుకో. పాత సూది అరిగి ఉంటుంది, అదీ మార్చెయ్.